పాఠకుల ప్రశ్నలు: పిల్లలు, పాటలు, ఆర్కెస్ట్రా కచేరీ

ప్రశ్న: మా పాఠశాలలో మూడు, నాలుగు తరగతుల పిల్లలను వచ్చే నెల ఒక పాశ్చాత్య శాస్త్రీయ సంగీత ఆర్కెస్ట్రా కచేరీకి తీసుకువెళుతున్నాం. వారిలో ఎవరూ ఇదివరకు అలాంటి కచేరీ చూడలేదు. నేను తరగతి ఉపాధ్యాయినిని, నాకు సంగీతం రాదు. కార్యక్రమంలో రష్యా సంగీతకర్త ప్రొకోఫియెవ్ రాసిన ‘పీటర్ అండ్ ద వుల్ఫ్’, ఆస్ట్రియా సంగీతకర్త హైడన్ 94వ సింఫనీలోని (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన సింఫనీ) రెండవ భాగం ఉన్నాయని తెలిపారు. వాద్యాల బొమ్మలు చూపించి, పేర్లు నేర్పి తీసుకువెళితే సరిపోతుందా?

జవాబు: పేర్లతో మొదలుపెట్టకండి. గోడకు పటం తగిలించి ఇది ఓబో, ఇది బసూన్ అని ఊదే వాద్యాల పేర్లు వల్లె వేయిస్తే పిల్లలు పరీక్షకు తయారవుతారు గానీ కచేరీకి కాదు. పైగా మీకు దొరికిన మొదటి రచన పిల్లల కోసమే పుట్టింది. మాస్కోలో బాలల నాటకశాలను నడిపిన నటాలియా సాట్స్ కోరగా ప్రొకోఫియెవ్ 1936లో దీన్ని రాశారు. ఒకరు కథ చెబుతూ ఉంటే ఆర్కెస్ట్రా ఆ కథను నడిపిస్తుంది. ప్రతి పాత్రకూ ఒక వాద్యం, ఒక చిన్న వరుస ఉంటాయి. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, గొణుక్కునే తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కు వయోలిన్ కుటుంబమంతా. వేటగాళ్ల తుపాకులు టింపనీ అనే గిన్నె ఆకారపు డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము మీద పేలతాయి. మొత్తం సుమారు అరగంట.

ఒక్కో పాత్ర వరుసను, అది ఎవరిదో చెప్పకుండా వినిపించి, ఆ సంగీతానికి తగినట్టు గదిలో నడవమనండి. బసూన్ వినగానే సగం మంది నడుములు వాటంతట అవే వంగుతాయి. క్లారినెట్ మంద్రంలో విడివిడిగా స్వరాలు వేసేటప్పుడు మునివేళ్ల మీద నడిచేవారు కనిపిస్తారు. అప్పుడు ‘ఇలా నడిచేది ఎవరై ఉంటారు?’ అని అడగండి. జవాబు తప్పయినా ఫరవాలేదు, ఎందుకలా అనిపించిందో చెప్పగలిగితే చాలు. మరునాడు వారిని నాలుగైదు గుంపులు చేసి, గదిలో దొరికే వస్తువులతోనే ఒక జంతువుకు చప్పుడు కనిపెట్టమనండి. స్కేలుతో బల్ల అంచును గీకి పామును, పుస్తకం పుటలను బొటనవేలితో జారవిడిచి పక్షిని తయారుచేసిన పిల్లలు కచేరీకి వెళ్లినప్పుడు ‘ఇదేమిటి?’ అని కాక ‘ఈయన దీన్ని ఎలా చేశాడు?’ అని వింటారు. సంగీతం రాని ఉపాధ్యాయుల చేతిలో ఉన్న గొప్ప సాధనం ఇదే. పిల్లలు ముందు తామే ఏదో ఒకటి చేసి ఉండాలి.

పన్నెండు రచనలను ఒక్కొక్కసారి వినిపించడం కంటే రెండు రచనలను మూడు వారాల పాటు మళ్లీ మళ్లీ వినిపించడం మేలు. హాల్లో పిల్లల ముఖాలు వెలిగేది కొత్త సంగీతం విన్నప్పుడు కాదు, తమకు తెలిసిన వరుస ఎక్కడి నుంచో వచ్చినప్పుడు. హైడన్ రచనకు ఇది మరీ వర్తిస్తుంది. 1791లో రాసి, మరుసటి ఏడు లండన్‌లో తొలిసారి వాయించిన ఆ భాగంలోని వరుస ఎంత తేలికైనదంటే నాలుగుసార్లు వింటే తరగతి మొత్తం లాలాలా అంటూ పాడేస్తుంది. మొదట తక్కువ ధ్వనితో, తర్వాత ఇంకా తక్కువ ధ్వనితో సాగి, ఎవరూ అనుకోని చోట ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది. దయచేసి ఆ రహస్యం ముందే చెప్పకండి, రికార్డింగును ఆ చోటికి కాస్త ముందే ఆపేయండి. చెప్పేస్తే పిల్లలు చెవుల మీద చేతులు పెట్టుకుని ఆ మోత కోసమే కాచుకుంటారు, వరుస చేజారిపోతుంది. ఆకస్మిక శబ్దాలకు బాగా బెదిరే పిల్లలెవరైనా ఉంటే వారికి మాత్రం విడిగా చెప్పి, ‘ఇది మనిద్దరి మధ్యే’ అనండి.

ఇంకొక్క మాట. కచేరీకి ముందు ఓబో ఒక స్వరాన్ని నిలిపి పట్టుకుంటుంది, మిగతావారంతా దానితో శ్రుతి కలుపుకుంటారు. చాలామంది పిల్లలు కచేరీ మొదలైందనుకునేది అప్పుడే కాబట్టి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

చూడడానికి కూడా వారికి ఏదో ఒక పని అప్పగించండి. వయోలిన్ల వరుసలో కమానులన్నీ ఒకే దిక్కుకు కదులుతున్నాయా అని చూడమంటే చాలు. నేను ఒకసారి తీసుకువెళ్లిన పిల్లలు వారం రోజులు మాట్లాడుకున్నది సింఫనీ గురించి కాదు, ఫ్రెంచ్ హార్న్ వాయించే ఆయన వాద్యాన్ని తలకిందులుగా తిప్పి నీళ్లు పారబోసిన సంగతి గురించి. ఛీ, ఉమ్మి అన్నారు. ఊపిరిలోని ఆవిరి చల్లని లోహానికి తగిలి నీరవుతుందనీ, ఆ చుట్టలను విప్పి సాగదీస్తే గొట్టం మూడున్నర మీటర్లు దాటుతుందనీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు. చివరికి తోటకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి, ఒక కొసకు గరాటు బిగించి, రెండో కొసలో పెదవులు బిగబట్టి అదిరేలా ఊదితే అచ్చం హార్న్ లాంటి ధ్వని వచ్చింది. ఆ రోజు పాఠం మరి ముందుకు సాగలేదు.

ప్రశ్న: మాది చిన్న బడి. సంగీతం గది లేదు, వాద్యాలు కొనే స్తోమత లేదు. తరగతికి నలభై మంది పిల్లలు, వారానికి ఒక్క పీరియడు. ఇంతమాత్రానికి సంగీతం నేర్పగలమా?

జవాబు: నేర్పవచ్చు, గొంతుతో మొదలుపెడితే. హంగేరీ సంగీతకర్త కొడాయ్ పాఠశాల సంగీతానికి పాటనే పునాదిగా పెట్టారు. ఆయన పద్ధతిలో ప్రతి స్వరానికీ ఒక చేతి సంజ్ఞ ఉంటుంది, స్వరం పైకి పోయే కొద్దీ చెయ్యి కూడా పైకి లేస్తుంది. గొంతు కలవని పిల్లలకు ఆ ఎత్తు కంటికి కనిపించడం చాలా సాయపడుతుంది. జర్మనీలో సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ 1924లో మ్యూనిక్‌లో మొదలైన ఒక శిక్షణాలయంలో సంగీతాన్ని, కదలికను కలిపి నేర్పుతూ పిల్లలకు తగిన, పలకలను కొట్టి వాయించే జైలోఫోన్ల వాడకానికి దారి వేశారు. వాటిలో చెక్క పలకలు ఊడదీయవచ్చు. స, రి, గ, ప, ధ ఉంచి మిగతావి తీసేస్తే (మన పరిభాషలో అవి మోహన స్వరాలు) ఏ పిల్లవాడు ఏది కొట్టినా పక్కవాడితో గొడవ పడదు. ఎప్పుడైనా ఒక్క వాద్యం కొనగలిగితే అలాంటిదే కొనండి.

అంతవరకు వాన కురిపించండి. తరగతిని నాలుగు గుంపులు చేయండి. ఒక గుంపు అరచేతులు రుద్దుతుంది, ఇంకొకటి చిటికెలు వేస్తుంది, మూడవది తొడల మీద తడుతుంది, నాలుగవది పాదాలతో నేలను తొక్కుతుంది. ముందు నిలబడిన పిల్లవాడు చెయ్యి చూపినప్పుడే ఏ గుంపైనా మొదలుపెట్టాలి, ఆపమంటే ఆపాలి. తుంపరగా మొదలై, జడివానై, మళ్లీ తుంపరగా మారి ఆగేదాకా అయిదు నిమిషాలు. మొదటిసారి అంతా గోలగా ఉంటుంది, నిరాశ పడకండి.

ఈ ఆటలో కీలకం ముందు నిలబడిన పిల్లవాడే. ఒక తరగతిలో కండక్టరుగా, అంటే ఆర్కెస్ట్రాను చేతి సంజ్ఞలతో నడిపించే మనిషిగా, నిలబెట్టిన అబ్బాయి అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టాలన్న చోట చెయ్యి మెల్లగా పైకెత్తి, మెల్లగానే దించాడు. చప్పట్లు చెల్లాచెదురుగా పడ్డాయి. మీరే సరిగా చూడడం లేదని తోటివారి మీద విసుక్కున్నాడు. నేనేమీ అనలేదు. నాలుగోసారి, తనకు తెలియకుండానే, చెయ్యి దించే ముందు గట్టిగా ఊపిరి పీల్చాడు. నలభై చప్పట్లు ఒక్కటిగా పడ్డాయి. దెబ్బ పడే క్షణం కంటే దాని ముందు క్షణాన్ని చూపించడమే కండక్టరు పని అని ఆ అబ్బాయికి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండు వారాల తర్వాత ఆ వానను నల్లబల్ల మీద గీయించండి. రుద్దడానికి అల గీత, చిటికెకు చుక్క, తొక్కుడుకు నింపిన గడి, నిశ్శబ్దానికి ఖాళీ గడి. ఎడమ నుంచి కుడికి వేలితో చూపుతూ పోతే అదే వారి స్వరలిపి. అన్నిటిలోకీ కష్టమైనది ఖాళీ గడి అని మీకు త్వరలోనే తెలుస్తుంది.

ప్రశ్న: కచేరీ చూసి వచ్చినప్పటి నుంచి మా ఆరేళ్ల అమ్మాయి ట్రంపెట్ నేర్చుకుంటానంటోంది. వయోలిన్ అయితే మంచిదని, లెక్కలు కూడా బాగా వస్తాయని తెలిసినవారు చెబుతున్నారు. ఏది మొదలుపెట్టించాలి?

జవాబు: ముందు అమ్మాయి పళ్లు చూడండి. ట్రంపెట్ ఊదేటప్పుడు దాని నోటిగిన్నె పెదవులకు ఆనుతుంది, ఆ పెదవులకు వెనక ఆసరా ముందు పళ్లే. పాలపళ్లు ఊడే ఆరు, ఏడేళ్ల వయసులో అక్కడ ఆసరా ఉండదు కనుక శాశ్వతమైన ముందు పళ్లు వచ్చే వరకు చాలామంది గురువులు ఆగమంటారు. వయోలిన్‌కు ఆ ఇబ్బంది లేదు. పదహారో వంతు, ఎనిమిదో వంతు, పావు, సగం అని చిన్న కొలతల్లో దొరుకుతుంది. వయసును బట్టి కాక చేతి పొడవును బట్టి ఎంచుకుంటారు. జపాన్‌కు చెందిన సుజుకి పద్ధతిలో మూడు, నాలుగేళ్లకే మొదలుపెట్టించి, తల్లినో తండ్రినో కూడా పాఠంలో కూర్చోబెడతారు. రికార్డరు (పిల్లనగ్రోవి లాంటి ఊదే వాద్యం) అయితే రంధ్రాలు పూర్తిగా మూసేంత వేళ్లు ఉండాలి, లేకపోతే కీచుమంటుంది.

అయితే అమ్మాయి అడిగింది ట్రంపెట్. ఆగమని చెప్పడం వేరు, మరొకటి అంటగట్టడం వేరు. ఈ ఏడాదీ రెండేళ్లూ పాడించండి, తాళం వేయించండి, వీలైతే ఒకసారి ట్రంపెట్‌ను చేత్తో పట్టుకోనివ్వండి. అంత బరువు కాసేపు ఎత్తి పట్టుకుంటే ఆమే ఒక నిర్ణయానికి వస్తుంది. మొదలుపెట్టిన తర్వాత రోజుకు పది నిమిషాలు చాలు, ఆదివారం ఒక్క గంట దానికి సాటి రాదు. లెక్కల మార్కుల కోసమైతే లెక్కలే చెప్పించండి.

ప్రశ్న: సింఫనీ మధ్యలో మా పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కవారు చిరాకుపడ్డారు. తప్పు ఎవరిది?

జవాబు: పిల్లలది కాదు. 1778లో ప్యారిస్‌లో తన సింఫనీ మొదటి భాగం నడుస్తుండగానే ప్రేక్షకులు చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి ఉత్సాహంగా ఉత్తరం రాశారు. భాగాల మధ్య మౌనంగా ఉండాలన్న పద్ధతి ఆ తర్వాతిది. ఈసారి కండక్టరు చేతులు పూర్తిగా కిందికి దిగి, ఆయన ఇటు తిరిగే దాకా ఆగమని చెప్పండి. అప్పుడూ ఎవరో ఒకరు కొడతారు, కొట్టనివ్వండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల అబ్బాయిని ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీకి తీసుకువెళ్లాం. బయటికి వచ్చాక వాడు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ‘ఆ ఇత్తడి పళ్లేలు పట్టుకున్నాయన ఒక్కసారే కొట్టాడు, ఆయనకు కూడా జీతం ఇస్తారా?’ వాడికేమీ ఎక్కలేదేమోనని దిగులుగా ఉంది.

జవాబు: దిగులు పడకండి, మీ అబ్బాయి గట్టిగా గమనించాడు. 1893లో తొలిసారి వినిపించిన ఆ సింఫనీ ముప్పావు గంటకు దగ్గరగా ఉంటుంది. అంతసేపట్లో ఆ తాళాలకు ఉన్నది నాలుగో భాగంలో ఒకే ఒక్క దెబ్బ, అదీ గట్టిగా కాదు. ఎందరో పెద్దలు దాన్ని గమనించకుండానే ఇంటికి వెళ్లిపోతారు. ఆ ఒక్క దెబ్బ కోసం ఆయన తన వంతు వచ్చే దాకా తాళం చుట్లు లెక్కపెట్టుకుంటూ, ఇతర వాద్యాల ఆనవాళ్లు పట్టుకుంటూ ఉండాలి, సరైన సమయానికి తాళాలు చేతిలోకి తీసుకోవాలి. ఒక లెక్క ముందైనా వెనకైనా అందరికీ తెలిసిపోతుంది, సరిచేసుకోవడానికి రెండో దెబ్బ లేదు.

ఇంట్లో ఈ ఆట ఆడించండి. అందరూ కళ్లు మూసుకుని మనసులో పదిహేను లెక్కపెట్టి, పదహారుకు ఒక్క చప్పట్టు కొట్టాలి. మొదటిసారి నలుగురివీ నాలుగు చోట్ల పడతాయి. తర్వాత ఒక పాట పెట్టి, దాని లయలోనే మళ్లీ ప్రయత్నించండి. ఆ సింఫనీ నాలుగో భాగాన్ని మరోసారి వినిపించి ఆ దెబ్బ ఎక్కడుందో వెతకమనండి, మొదటిసారి దొరక్కపోవచ్చు. జీతం సంగతికి వస్తే, ఇస్తారని చెప్పండి. ఆర్కెస్ట్రాలో జీతాలు స్వరాల లెక్కన ఇవ్వరు.