గాలికి ముందు లేచేది దుమ్మా, ఇసుకా? బాగ్నోల్డ్ ఏం కనిపెట్టాడు?

దుమ్ము తేలిక కాబట్టి ముందు అదే లేస్తుందనుకుంటాం. రాల్ఫ్ బాగ్నోల్డ్ ప్రయోగాల్లో తేలింది దీనికి తలకిందులు.

ఈయన బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920ల చివర్లో ఫోర్డ్ కార్లేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగాడు. (సెలవుల్లో ఎవరైనా ఎడారికి పోతారా అనకండి, ఆయన సరదా అది.) తర్వాత లండన్‌లో విండ్ టన్నెల్ (లోపల గాలిని వేగంగా వదిలే గొట్టం) పెట్టి ఇసుక మీద పరిశోధన చేశాడు.

అందులో పొడి సిమెంటు పలచగా పరిచి గట్టిగా గాలి వదిలినా అది కదల్లేదు. మరీ సన్నటి రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి, పైగా నేలకు ఆనుకుని ఉండే నిదానమైన గాలి పొరలో దాక్కుంటాయి. ముందు కదిలేది సుమారు మిల్లీమీటరులో పదో వంతు సైజు ఇసుక. అది ఎగిరి, గాలి వేగం అందుకుని, ఏటవాలుగా వచ్చి నేలను కొడుతుంది. ఆ దెబ్బకు ఇంకొన్ని రేణువులు లేస్తాయి. దీన్నే సాల్టేషన్ అంటారు. దుమ్ము లేచేది కూడా చాలావరకు ఈ దెబ్బలకే. ఇసుక ఎక్కువగా మోకాలి ఎత్తులోపే గెంతుతూ పోతుంది, దుమ్ము మాత్రం సముద్రాలు దాటేస్తుంది.

ఇదంతా ఆయన 1941లో పుస్తకంగా తెచ్చాడు. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ పరిశీలించిన ఇసుక దిబ్బలకు ఆయన పేరే పెట్టారు.