పారుడు ఆపే బిళ్లలు దూడకు వేయకండి

ప్రశ్న: మా ముర్రా బర్రె ఈని 25 రోజులైంది. దూడ 30 కిలోల దాకా ఉంటుంది. వారం కిందట రెండు రోజులు పెండ వేయలేదు. మందుల షాపులో అడిగితే ఆముదం తాపమన్నారు, తాపినం. తర్వాత మట్టి రంగులో, జిగటగా, భరించలేని వాసనతో పారుడు పట్టుకుంది. మళ్లీ షాపుకు పోతే మనుషులకు వాడే లోపెరమైడ్ బిళ్లలు పూటకు 4 ఇచ్చారు. ఒక రోజు ఆగింది, కడుపు ఉబ్బింది, మళ్లీ మొదలైంది. మందు తాపినప్పుడల్లా పాలు ముక్కులోంచి వస్తున్నయి. వాంతులని మెటోక్లోప్రమైడ్ కూడా ఇచ్చారు. తల్లి పాలు చిక్కగా ఉండి అరగడం లేదని మా అనుమానం. గట్టి మందు చెప్పగలరు.
– ఒక రైతు, ఇబ్రహీంపట్నం మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: తల్లి పాలలో ఏ దోషమూ లేదు. దూడకు పాలు మాన్పించకండి. దూడ వయసు, ముందు పేడ బిగిసి తర్వాత పారడం, మట్టి రంగు జిగట పేడ, ఉబ్బిన కడుపు అన్నీ ఏలికపాముల (పేగులో పెరిగే పొడవాటి నట్టల) వైపే చూపిస్తున్నాయి. బర్రె దూడల్లో ఇది చాలా మామూలు. నట్టల పిల్లలు తల్లి ఒంట్లో అణిగి ఉండి, ఈనాక పాలతో దూడలోకి దిగుతాయి. మూడు వారాలకల్లా పెరిగి పేగును నింపేస్తాయి. దూడ ఊపిరిలో మక్కిన వెన్న వాసన వస్తుందేమో చూడండి. వస్తే అనుమానం మరింత బలపడినట్టే.

లోపెరమైడ్ ఈ పూట నుంచే ఆపేయండి. అది రోగాన్ని తగ్గించే మందు కాదు, పేగు గోడలోని నరాల మీద పనిచేసి కదలికను మందగింపజేస్తుంది. పేడ లోపల నిలిచిపోతుంది కాబట్టి పారుడు తగ్గినట్టు కనిపిస్తుంది. మీ దూడ కడుపు ఉబ్బింది అందుకే. నట్టలున్న దూడకు ఇది ఇంకా ప్రమాదం. నట్టలకు వాడే పైపరజీన్ వాటిని నేరుగా చంపదు, వాటి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. పట్టు వదిలిన నట్టలను బయటికి తోసేది పేగు కదలికే. ఆ కదలికను మీరు బిళ్లలతో ఆపేస్తే నట్టలు ఉండచుట్టుకుని పేగుకు అడ్డం పడతాయి.

ఆముదం పని ఇందుకు పూర్తిగా ఎదురు. అది పేగును రెచ్చగొట్టి, నీటిని పేగులోకి రప్పించి తోయిస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్, అంటే భేది ఉప్పు, ఒంట్లో నీటిని పేగులోకి లాగి పేడను పలచన చేస్తుంది. లిక్విడ్ పారాఫిన్ ఒంటికి పట్టదు, జారుడుగా మాత్రమే పనిచేస్తుంది. ఈ మూడింటిలో ఏదీ మీ దూడకు ఇప్పుడు వద్దు. నీరు తగ్గిన దూడకు భేది మందు వేస్తే ఉన్న నీరూ పోతుంది. మళ్లీ పేడ బిగిస్తే, గోరువెచ్చని నీళ్లు అర లీటరులో కొంచెం సబ్బు కరిగించి మలద్వారం గుండా మెల్లగా ఎక్కించండి.

ఇక వాంతి సంగతి. పశువుకు మనిషిలాగా వాంతి కాదు. మెటోక్లోప్రమైడ్, ఆండాన్‌సెట్రాన్ మెదడులో వాంతి కేంద్రానికి వెళ్లే సంకేతాలను అడ్డుకుంటాయి. మీ దూడకు వాంతే లేదు కనుక వాటితో పనిలేదు. ముక్కులోంచి పాలు వస్తున్నాయంటే మీరు తాపే పద్ధతి తప్పు. తల బాగా పైకెత్తి, నాలుక పట్టుకుని గొట్టంతో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమోనియా వస్తుంది. మూతిని వీపు మట్టం కంటే పైకి లేపకండి, నాలుక వదిలేయండి, దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పోయండి. దగ్గితే వెంటనే ఆపి తల దించనివ్వండి. పీల్చే ఓపిక ఉంటే చనుమొన బిగించిన సీసాతోనే పట్టండి.

అన్నిటికన్నా ముందు నీరు. కాచి చల్లార్చిన నీరు 1 లీటరులో ఉప్పు 4 గ్రాములు, తినే సోడా 4 గ్రాములు, గ్లూకోజు పొడి 20 గ్రాములు కలపండి. చెంచా లెక్క వద్దు, తూకం వేయండి. గోరువెచ్చగా పూటకు లీటరున్నర చొప్పున రోజుకు మూడుసార్లు ఇవ్వాలి. పేగులో గ్లూకోజు, ఉప్పు జంటగా లోపలికి వెళ్తూ నీటిని వెంట తీసుకెళ్తాయి. పారుతున్న పేగులోనూ ఈ దారి మూసుకుపోదు. గ్లూకోజుకు బదులు పంచదార వేయకండి, దాన్ని అరిగించే శక్తి దూడ పేగుకు లేదు, పారుడు పెరుగుతుంది. మనుషుల ఓఆర్‌ఎస్ లో ఉప్పు దూడకు తక్కువ. పాలు రోజుకు 3 లీటర్లు మూడు పూటలుగా కొనసాగించండి. పాలకూ ఈ నీటికీ మధ్య 2-3 గంటల ఎడం ఉండాలి, సోడా కలిస్తే పాలు కడుపులో గడ్డకట్టవు.

చివరి లోపెరమైడ్ బిళ్ల వేసి ఒక రోజు గడిచాక, దూడ పేడ వేస్తోందని చూసుకుని పైపరజీన్ తాపండి. కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, అంటే 30 కిలోలకు 6 గ్రాములు. సీసాలన్నీ ఒకే గాఢతలో ఉండవు, చీటీ చదవండి. 100 మి.లీ.లో 45 గ్రాములున్న మందైతే 13 మి.లీ. చాలు. ఒకటి రెండు రోజుల్లో తెల్లని పొడవాటి నట్టలు పడతాయి. వాటిని పేడతో సహా గుంతలో సున్నం చల్లి పూడ్చండి, గుడ్లు మట్టిలో చాలాకాలం బతుకుతాయి. మందు పెరిగిన నట్టల మీదే పనిచేస్తుంది కాబట్టి 21 రోజులకు మళ్లీ వేయాలి.

మెడ మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లలో సర్దుకోవాలి. అంతకంటే ఆలస్యమైతే, కళ్లు లోపలికి పోతే, పీల్చకపోతే, లేవలేకపోతే, పేడలో రక్తం పడితే, జ్వరం 40 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే 1962కు ఫోన్ చేసి పశువైద్యుడిని పిలిపించండి. కడుపు గట్టిగా ఉబ్బి పేడ పూర్తిగా ఆగితే నట్టల మందు కూడా ఇంట్లో వేయకండి. డాక్టరు చూడాల్సిందే. అలాంటప్పుడు దూడను చూడకుండా బిళ్లలు అమ్మే షాపుకు మూడోసారి వెళ్లకండి. అక్కడ పేడ చూసేవారు లేరు, దూడ బరువు అడిగినవారూ లేరు.

మందు వేసేముందే అగ్గిపెట్టెంత తాజా పేడ శుభ్రమైన డబ్బాలో తీసి, అదే రోజు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో మీ మండల పశువైద్యశాలకో పంపండి. సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. వచ్చే ఈతలో ముర్రుపాలు మాత్రం మానకండి, పాలతో నట్టలు వస్తాయన్న భయంతో అవి ఆపితే దూడ ఇతర జబ్బులకు పోతుంది. ఈనిన 10వ రోజున దూడకు మొదటి నట్టల మందు, తర్వాత 6 నెలల వరకు నెలకోసారి తాపండి. తేదీలు కొట్టంలో గోడ మీద రాసి పెట్టుకోండి.