రెజ్యూమెలో ‘లొక్వేషియస్’ అని రాయవచ్చా?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థినిని. నలుగురిలో ధారాళంగా మాట్లాడగలను కాబట్టి రెజ్యూమెలో నా బలాల కింద ‘లొక్వేషియస్’ అని రాసుకున్నాను. మా సీనియర్ ఒకరు దాన్ని తీసేయమంటున్నారు. ఆ పదానికి సరైన అర్థమేమిటి? ఎక్కడ వాడాలి?

జవాబు: మీ సీనియర్ మంచి సలహా ఇచ్చారు, వెంటనే తీసేయండి. ‘లొక్వేషియస్’ మాట నేర్పును చెప్పే పదం కాదు, మాట మోతాదు మించిందని చెప్పే పదం. లాటిన్‌లో మాట్లాడటం అనే అర్థమున్న ‘లోక్వీ’ నుంచే ఇదీ, చక్కగా, ఆకట్టుకునేలా మాట్లాడే అని అర్థమున్న ‘ఎలక్వెంట్’ కూడా పుట్టాయి. మీ మనసులో ఉన్నది ఆ రెండోది. సంస్కృతంలోనూ ఇంతే: ‘వాక్కు’ నుంచే వచ్చినా, చక్కగా మాట్లాడేవాడు వాగ్మి, అతిగా మాట్లాడేవాడు వాచాలుడు.

వాచాలతను చెప్పే ఇంగ్లిష్ పదాలన్నీ ఒకదానికొకటి సరిపోవు. ‘లొక్వేషియస్’లో నింద కొంత తక్కువ, సరదాగా కబుర్లు చెప్పే స్నేహితురాలి గురించి వాడినా ఆమె నొచ్చుకోకపోవచ్చు. ‘గ్యారులస్’ అంటే మాత్రం పనికిరాని విషయాలను సాగదీసి వినేవారిని విసిగించే వదరుబోతు. అరుపులతో అడవిని హోరెత్తించే జే పక్షుల ప్రజాతికి శాస్త్రీయ నామం ‘గ్యారులస్’ కావడం గుర్తుంచుకుంటే ఈ అర్థం మరిచిపోరు. ‘వెర్బోస్’ను రాతకు కూడా వాడతారు, రెండు ముక్కల్లో తేలే సంగతిని రెండు పేజీలు రాస్తే అది వెర్బోస్. గ్రీకు మూలమున్న ‘లాగోరియా’ వైద్యులు కూడా వాడే మాట; కొన్ని మెదడు, మానసిక సమస్యల్లో మాట ఆపుకోలేని స్థితిని అది సూచిస్తుంది కనుక తోటివారిని ఎగతాళి చేయడానికి దయచేసి వాడకండి. పోటీ పరీక్షల్లో ‘లొక్వేషియస్’కు వ్యతిరేక పదం అడిగితే ‘టాసిటర్న్’, ‘రెటిసెంట్’ గుర్తుంచుకుంటే చాలు.

ఇక రెజ్యూమెలో ‘ఎలక్వెంట్’ అని కూడా రాయమని నేను చెప్పను, ఎందుకంటే ఆ కితాబు ఎదుటివారు ఇవ్వవలసినదే తప్ప మనకు మనం ఇచ్చుకునేది కాదు. ఏ సెమినార్‌లో, ఏ అంశంపై, ఎన్ని నిమిషాలు ప్రసంగించి ఎందరి ప్రశ్నలకు జవాబిచ్చారో ఒక్క వాక్యంలో రాయండి. మాక్ ఇంటర్వ్యూల్లో నేను తరచూ చూసే దృశ్యం ఒకటుంది: ‘మీ గురించి చెప్పండి’ అనగానే అభ్యర్థి బడి రోజుల నుంచి మొదలుపెడతారు, మూడో నిమిషానికి ఎదుటివారు పెన్నుకు మూత పెట్టేస్తారు. మీకు మాట ధారాళంగా వస్తుంది కాబట్టి ఆ ప్రశ్నకు 90 సెకన్లలో ముగిసే జవాబు ఇప్పుడే రాసుకొని, గడియారం ముందు పెట్టుకొని పైకి చదువుతూ సాధన చేయండి.