చివరి తేదీ ఎవరికి తెలుసు?

ఒక ఊరు తన పిల్లల్ని కాలేజీకి, ఉద్యోగానికి ఎంత బాగా తయారు చేస్తోందో ఎలా కొలవాలని అడిగారు. చాలామంది పదో తరగతి పాస్ పర్సంటేజీ చూడమంటారు. నన్నడిగితే, దరఖాస్తుల చివరి తేదీ తెలిసిన పెద్దవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమంటాను.

నేను 2008లో పదో తరగతి పాసయ్యాను. మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 600కి 531 మార్కులతో స్కూల్ ఫస్ట్ వచ్చాను. ఆ ఏడాదే ప్రభుత్వం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు మొదలుపెట్టింది. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు. ఒక్కో చోట రెండు వేల మందికి ఆరేళ్ల చదువు. నాలాంటి పల్లెటూరి పిల్లల కోసమే పెట్టారు. మా ఊళ్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

ఇంటర్‌లో చేరడానికి మార్కుల లిస్టు జిరాక్స్ తీయించాలని అమ్మా నేనూ బస్సెక్కి టౌనుకి వెళ్లాం. జిరాక్స్ షాపు అద్దానికి ఓ పేపర్ కటింగ్ అంటించి ఉంది, ఎండకి అంచులు పసుపెక్కాయి. షాపాయన నా మార్కులు చూసి, "ట్రిపుల్ ఐటీకి పెట్టావా పాపా?" అన్నాడు. అదేమిటో నాకు తెలియదు. కటింగ్ చూపించి చదువుకోమన్నాడు. గడువు దాటి నాలుగు రోజులైంది. ఆయన "అయ్యో, ఇన్ని మార్కులు వచ్చి..." అని డబ్బులు వద్దన్నాడు. అమ్మ మాత్రం కొంగు ముడి విప్పి రెండు రూపాయలు బల్ల మీద పెట్టింది. ఊరొచ్చేదాకా బస్సులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మా టీచర్లు మంచివాళ్లే. కానీ ఫలితాలు వచ్చేది వేసవి సెలవుల్లో. అప్పటికి ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. పిల్లలకి మాట సాయం బాగా కావాల్సిన ఆ రెండు నెలలూ వాళ్లు ఎవరి బాధ్యతా కాదు. ఆ సందులోనే ప్రైవేట్ కాలేజీల వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. ఊరి మొదట్లో ర్యాంకుల ఫ్లెక్సీ కడతారు. అందులో నవ్వుతున్న పిల్లల్లో మా ఊరి వాళ్లు ఒక్కరూ ఉండరు, అయినా దాన్ని చూసే అప్పులు చేసి ఫీజులు కడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పాస్ పర్సంటేజీని ఎందుకు నమ్మనో కూడా చెబుతాను. కరోనా వల్ల 2020, 2021లో పరీక్షలే పెట్టకుండా అందర్నీ పాస్ చేశారు. 2022లో పరీక్ష పెడితే ఆంధ్రలో 67 శాతం పాసయ్యారు. ఏడాదిలో ఊళ్లేమైనా మారిపోయాయా?

అందుకే నేను వేరే లెక్క రాసుకుంటున్నాను. పదో తరగతి అయిన రెండేళ్లకి ఆ బ్యాచ్ పిల్లల ఇళ్లకి వెళ్లి, ఎక్కడున్నారు, ఆ కోర్సులో ఎందుకు చేరారు అని అడుగుతాను. 2022 బ్యాచ్‌లో మా ఊరి వాళ్లు 27 మంది. "నాకిష్టమై చేరాను" అన్నవాళ్లు తొమ్మిది మంది. "మా ఊరికి ఆ కాలేజీ బస్సే వస్తుందక్కా" అన్నవాళ్లు అంతకంటే ఎక్కువ. ముగ్గురు ఆడపిల్లలకి పెళ్లయిపోయింది. ఒకబ్బాయి పాలిటెక్నిక్ సీటు వచ్చి కూడా, కౌన్సెలింగ్ నాటికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ చేతికి రాక వదులుకున్నాడు. ఇప్పుడు గ్రానైట్ లారీ మీద క్లీనర్‌గా వెళ్తున్నాడు. మీ ఊరికీ ఇలాగే ఒక నోటుబుక్కు పెట్టండి, నాలుగు సాయంత్రాల పని.

మా అమ్మకి చదవడం రాదు. మొన్న మేలో ఒంగోలులో నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేసింది. "పక్కింటి పిల్లకి మంచి మార్కులొచ్చాయంట, ట్రిపుల్ ఐటీ ఫారాలు ఎప్పటిదాకా?" అనడిగింది. తేదీ చెప్పాను. మళ్లీ ఒకసారి చెప్పమని, ఫోన్ పక్కన పెట్టకుండానే గోడ అవతలికి కేకేసి చెప్పింది.