దోమల జ్వరాలు, నరాల నష్టం చూపే రక్తపరీక్ష: నీ వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. "డెంగ్యూ మెదడుకి ఎక్కిందో లేదో ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది" అని మొదలుపెట్టావే, ముందు ఆ వాక్యం తీసెయ్. షేర్లు బాగానే వస్తాయి, కాదనను, కానీ గాజువాకలో జ్వరంతో పడుకున్న పిల్లాడి తల్లి అది చదివి ల్యాబుల చుట్టూ తిరిగితే ఆ టెన్షన్‌కి బాధ్యత నీదే.

నువ్వు రాసిన ఆ రక్తపరీక్ష కొలిచేది న్యూరోఫిలమెంట్ లైట్ చెయిన్ అనే ప్రోటీన్‌ని. నరకణం నుంచి పొడుగ్గా సాగే తీగలాంటి ఆక్సాన్‌ని లోపల నిలబెట్టే ప్రోటీన్లలో అదొకటి. ఆక్సాన్ దెబ్బతింటే అది వెన్నులోని నీటిలోకి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది. ఎంత కొద్దిగా అంటే, కొలిచేది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఇంతవరకు బాగానే రాశావు. ఆ తర్వాతే జారావు. భీమిలి ఒడ్డుకి పడవ చెక్క కొట్టుకొస్తే ఎక్కడో పడవ విరిగిందని తెలుస్తుంది, గాలికి విరిగిందో రాయికి తగిలిందో చెక్క చెప్పదు. ఈ ప్రోటీన్ కూడా అంతే. వయసుతో పెరుగుతుంది, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది, తలకి గట్టి దెబ్బ తగిలినా పెరుగుతుంది. ఏ వైరస్ అన్నది తేల్చడానికి వేరే పరీక్షలు ఉన్నాయి. జపనీస్ మెదడువాపుకైతే వెన్ను నీటిలో ఐజీఎం యాంటీబాడీలు, అంటే ఆ వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు, చూస్తారు.

2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన పరీక్షని కూడా ఇందులోకి లాగావు. అది జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రోటీన్లు చూసేది, తలకి దెబ్బ తగిలినవాళ్లకి సీటీ స్కాన్ అవసరమా అన్నది తేల్చుకోడానికి. దోమల జ్వరాలకి కాదు.

అయితే విషయం పనికిరానిదని కాదు. దోమలతోనే వచ్చే వెస్ట్ నైల్ వైరస్ చూడు, సోకినవాళ్లలో సుమారు 80 శాతం మందికి లక్షణాలే ఉండవు, దాదాపు 150 మందిలో ఒకరికి మాత్రం మెదడు, వెన్నుపాము దాకా పోతుంది. ఆ ఒక్కరిలో నష్టం ఎంత, ఇంకా సాగుతోందా, ఆగిందా అని మాటిమాటికీ వెన్నులో సూది గుచ్చకుండా రక్తంతో గమనించగలిగితే అది మామూలు సంగతా? నీ వ్యాసం అక్కడ ఉంది, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు.

ఇంకోటి, దోమలన్నీ ఒకటే చేశావు. మద్దిలపాలెం మేడల మీద కుండీల నీళ్లలో పెరిగి పగలు కుట్టే, డెంగ్యూ తెచ్చే ఏడిస్ వేరు, వరిచేలలో పెరిగి రాత్రిళ్లు కుట్టే, మెదడువాపు తెచ్చే క్యూలెక్స్ వేరు. పాడేరు మలేరియా పేరా తీసెయ్, అది వైరస్సే కాదు.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి న్యూరాలజీ వాళ్లని కలుస్తానన్నావుగా, ఒకటే అడుగు: రక్తంలో ఈ న్యూరోఫిలమెంట్ అంకె చేతికొస్తే వైద్యంలో మీరేం మారుస్తారు? ఏం చెప్పినా, ఏమీ మార్చం అన్నా సరే, దాంతోనే వ్యాసం మొదలుపెట్టి మళ్లీ పంపు.