నీ పాత్రలకు 1989 తెలియదు

ప్రియమైన తమ్ముడికి,

బెర్లిన్ గోడ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది. కానీ మొదటి పేజీలోనే ఒక పెద్దాయన గోడను చూసి, ఇది ఎప్పటికైనా కూలక తప్పదు అంటాడు. అది ఆయన మాట కాదు, నీ మాట. 1989 నవంబర్ 9 రాత్రి ఆ గోడ తెరుచుకుందని నీకు తెలుసు కాబట్టి ఆయన చేత అనిపించావు. ఆయన ఉన్నది 1961లో.

ఆ ఏడు ఆగస్టు 13, ఆదివారం. పొద్దున్నే లేచినవాళ్లకు తూర్పు, పడమటి బెర్లిన్‌ల మధ్య కనిపించింది ముళ్లతీగ. కాంక్రీటు దిమ్మెలు ఆ తర్వాత వచ్చాయి. అంతకు రెండు నెలల ముందే తూర్పు జర్మనీ నాయకుడు వాల్టర్ ఉల్‌బ్రిక్ట్, గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదని విలేకరులతో చెప్పాడు. ఆ మాట విన్న మనిషి ఆ తీగను చూసి ఏమనుకుంటాడో ఆలోచించు. తూర్పున కాపురం ఉండి పడమటి వైపు పనికి వెళ్లేవాళ్లు 50 వేలకు పైనే. వాళ్ల టెన్షన్ సోమవారం డ్యూటీ గురించే. నీ కథలోని చెల్లెలు ఆ రోజు పడమట ఉన్న అన్నకు ఫోన్ చేస్తుందని రాశావు. ఆ సీను తీసెయ్యి. రెండు భాగాల మధ్య ఫోన్ లైన్లు 1952లోనే తెంచేశారు. ఫోన్ లేకపోతే ఆమె ఏం చేస్తుంది? అక్కడే నీకు అసలు కథ దొరుకుతుంది.

బెర్నావర్ వీధి గురించి బాగా చదువు. అక్కడ ఒక వరస ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందున్న కాలిబాట పడమటి బెర్లిన్‌ది. గుమ్మం దాటితే వేరే రాజ్యం. అందుకని గుమ్మాలు మూసేశారు, తర్వాత కిటికీలకు ఇటుకలు పేర్చారు. జనం పై అంతస్తుల నుంచి దూకడం మొదలుపెట్టారు. కింద అగ్నిమాపక సిబ్బంది వల పట్టుకుని నిలబడేవారు. ఆగస్టు 22న ఈడా సీక్‌మన్ అనే 58 ఏళ్ల ఆవిడ ముందు తన పరుపులు, సామాన్లు కిందికి విసిరి, వల సిద్ధం కాకముందే దూకి చనిపోయింది. మర్నాడు ఆవిడ పుట్టినరోజు. దీనికి నువ్వు ఒక్క విశేషణం కూడా కలపకు. ఆ పరుపుల్ని చూపించు, చాలు.

తూర్పు వైపు కాపలా సైనికుల్ని రాక్షసుల్లా రాశావు. కాల్చినవాళ్లు ఉన్నారు, గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి, అది దాచకూడదు. అయితే ఆగస్టు 15న అదే వీధి మూలన కాపలా ఉన్న కాన్రాడ్ షూమన్ తీగ మీదుగా పడమటి వైపుకి దూకేశాడు. వయసు 19. పక్కన నిలబడ్డవాడు దూకుతాడో, కాలుస్తాడో ఒక సైనికుడికి తెలియదు. నీ కథలో ఆ భయం ఎక్కడా లేదు.

తూర్పున కమ్యూనిజం, పడమట పెట్టుబడిదారీ, ఈ రెండు వ్యవస్థల గురించి పాత్రలు వాదించుకునే మూడు పేజీలూ నాకు బరువనిపించాయి. 1949 నుంచి గోడ లేచేదాకా సుమారు 27 లక్షల మంది తూర్పు జర్మనీ వదిలిపోయారు, వాళ్లలో డాక్టర్లు, ఇంజినీర్లు చాలామంది. గోడ ఎందుకు కట్టారో చెప్పాలంటే డాక్టర్ వెళ్లిపోయిన ఒక ఆస్పత్రి గది రాయి. వాదన అవసరం ఉండదు.

ఇక ముగింపు. జనం గోడ ఎక్కి కేరింతలు కొట్టే దృశ్యం వద్దు. 1963 డిసెంబరులో మొదటిసారి పడమటివాళ్లకు పాసులిచ్చారు, తూర్పున ఉన్న బంధువుల్ని పండక్కి ఒక్కరోజు చూసి రావడానికి. అన్నని ఆ రోజు పంపించు. రెండేళ్లకు పైగా చూడని చెల్లెలి ఇంట్లో కూర్చోబెట్టు. రాత్రికి తిరిగి వెళ్లిపోవాలి. మళ్లీ పాసు ఇస్తారో లేదో ఇద్దరికీ తెలియదు, నువ్వూ తెలియనట్టే రాయి.

తిరగరాశాక పంపు. ఎంత పొడుగున్నా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య