ఏది విరిగిందో ముందు చూడు

తమ్ముడూ,

నీ అనువాద కథ రెండుసార్లు చదివాను. కథనంలో పట్టు ఉంది. కానీ ‘బ్రేక్’ అన్న ఒక్క మాట నిన్ను చాలాచోట్ల తప్పుదారి పట్టించింది. దారం విరిగిందన్నావు, అద్దం విరిగిందన్నావు, ఆవిడ మౌనాన్ని విరగ్గొట్టిందన్నావు. ఇంగ్లీషుకి అన్నిటికీ ఒకే క్రియ సరిపోతుంది. మనం మాత్రం వస్తువుని చూసి క్రియ వాడతాం.

కర్ర, కొమ్మ, ఎముక విరుగుతాయి. కుండ, అద్దం, పలక పగులుతాయి. దారం, తాడు, గాలిపటం తెగుతాయి. గోడ బీటలు వారుతుంది, ఎండిన చేను నెర్రెలిస్తుంది. దేవుడి ముందు కొబ్బరికాయ కొడతాం. మంగళసూత్రం తెగితే ఇళ్ళలో ఆ మాట నోట రానివ్వరు, ‘పెరిగింది’ అంటారు. నీ కథలో పెద్దముత్తైదువ చేత ‘తెగింది’ అనిపించావు. చదివేవాళ్ళు అక్కడ ఉలిక్కిపడతారు, ఆ సన్నివేశానికి అది అక్కర్లేదు.

కంటికి కనపడనివాటి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మాట తప్పుతాం, ఉపవాసం విరమిస్తాం, మౌనం వీడతాం, అలవాటు మానుకుంటాం. కుదిరిన సంబంధం తప్పిపోతుంది. మనసు విరుగుతుంది, గుండె పగులుతుంది. ఈ రెండూ ఒకటి కావు. మనసు విరిగితే ఎదుటి మనిషి మీద ఇష్టం పోయినట్టు. గుండె పగిలితే దుఃఖం పట్టలేనట్టు. మూడో పేజీలో కొడుకు పోయాడని విన్న తల్లికి ‘మనసు విరిగింది’ అని రాశావు. ఆ ఒక్క మాటతో ఆవిడ కొడుకుని వదిలేసుకున్నదైపోయింది. వెంటనే మార్చు.

స్నాప్, షాటర్, క్రాక్ లాంటి పర్యాయపదాలు వచ్చినప్పుడు కొత్త క్రియల కోసం వెతుక్కోకు. చప్పుడు చేర్చు: పుటుక్కున తెగింది, భళ్ళున పగిలింది, ఫెళ్ళున విరిగింది. మన భాషకున్న గొప్ప వసతి ఇది, మొహమాటపడకుండా వాడుకో.

తిరుమల బ్రేక్ దర్శనంలో, లంచ్ బ్రేక్‌లో ఉన్నది విరామం. బండి బ్రేకుకి ఇంగ్లీషు స్పెల్లింగే వేరు. మన లిపిలోకి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి కాబట్టి, మూలంలో ఏది ఉందో చూసుకుని రాయి.

ఇక చిత్తుప్రతి తీసి, ‘బ్రేక్’ని అనువదించిన ప్రతిచోటా గీత గీయి. విరిగిందేమిటో అంచున రాసుకో. ఇంగ్లీషు పేజీ మూసేసి ఆ నామవాచకాన్ని పైకి పలుకు. క్రియ చాలావరకు దానంతటదే నోటికొస్తుంది. అనుమానం ఉంటే ఆంధ్రభారతి ఆన్‌లైన్ నిఘంటువులో తెలుగు క్రియనే వెతుకు, అది ఏ మాటల పక్కన కూర్చుంటుందో అక్కడి అర్థాల్లో కనిపిస్తుంది.

ముందు చెరువు సన్నివేశం సరిచేసి పంపు. ‘కట్ట విరిగింది’ అని ఊళ్ళో ఎవరూ అనరు. మొదట గండి పడుతుంది, పూడ్చకపోతే కట్ట తెగుతుంది. ఆ రాత్రి నీ కథలోని ఊళ్ళో జరిగింది ఈ రెండిటిలో ఏదో తేల్చుకుని రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య